పులుపు వాసన రాకముందే

అటక మీది పాత రేకు డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే, లోపలి ఫిల్ము చివికిపోతోందని లెక్క. ఫిల్ములు భద్రపరిచేవాళ్లు ఈ జబ్బును ‘వెనిగర్ సిండ్రోమ్’ అంటారు. నిప్పు తగిలితే భగ్గుమనే నైట్రేట్ ఫిల్ముకు బదులుగా 1948లో కొడాక్ కంపెనీ ట్రైఅసిటేట్ ఫిల్మును తెచ్చింది. ఇక బెంగ లేదనుకున్నారు. పదేళ్లు తిరక్కుండానే ఫిల్ము పాడైపోతోందంటూ కంపెనీకి మొట్టమొదటి ఫిర్యాదు అందింది. పంపింది భారత ప్రభుత్వం. మన వేడికీ, ఉక్కకూ ఆ కొత్త సరుకు ఆగలేకపోయింది.

వేడి, తేమ తగిలిన అసిటేట్ నుంచి అసిటిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మును ఇంకా తొందరగా తినేస్తుంది. ఒకసారి మొదలైతే ఆగదు. ఫిల్ము కుంచించుకుపోతుంది, పెళుసుబారుతుంది, బొమ్మ ఉన్న పొర లేచిపోతుంది. పక్క డబ్బాలనూ ఆ ఆవిరి వదలదు. 18 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో ఉంచితే కొత్త ఫిల్ముకు ఈ జబ్బు సోకడానికి సుమారు 50 ఏళ్లు పడుతుందని అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్క. విజయవాడ ఎండల్లో రేకుల కప్పు కింద ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో మీరే ఊహించుకోండి.

ఇంటి సినిమా ఊపందుకుంది 1923లో, 16 మిల్లీమీటర్ల ఫిల్ముతో. అప్పట్లో అది కలవారి ముచ్చట. అమెరికా మాంద్యంలో కూరుకుపోయి ఉన్న 1932లో కొడాక్ ఒక పొదుపు చిట్కా కనిపెట్టింది. 25 అడుగుల 16 మిల్లీమీటర్ల రీలు మీద ముందు ఒక సగం వెడల్పులోనే బొమ్మలు పడతాయి. రీలు అయిపోగానే తిరగేసి పెడితే రెండో సగం. కడిగాక లాబ్‌లో నిలువునా చీల్చి, రెండు పాయలనూ ఒకదాని చివర ఒకటి అతికిస్తారు. 50 అడుగుల ‘ఎయిట్ ఎం.ఎం.’ చేతికొస్తుంది. ఆడేది నాలుగు నిమిషాలు. 1965లో వచ్చిన సూపర్ 8 కార్ట్రిడ్జ్ అయితే మూడు నిమిషాల ఇరవై సెకన్లే. అందుకే పాత రీళ్లలో పెళ్లి మొత్తం చిటికెలో అయిపోతుంది. తలంబ్రాలు కాసేపు, అప్పగింతలు కాసేపు, బంతి భోజనాల మీదుగా కెమెరా ఒక్క చుట్టు. ఇప్పటి ఆరు గంటల పెళ్లి వీడియో కన్నా ఎక్కడ ఆగాలో తెలిసిన చేయి అది.

అదే 1965లో అమెరికా వలస చట్టం మారింది. ఆ తర్వాత అక్కడికి వెళ్లిన మన డాక్టర్లు, ఇంజినీర్ల ఇళ్లలో సూపర్ 8 కెమెరాలు, స్లైడ్ల పెట్టెలు చేరాయి. మొదటి మంచు, మొదటి కారు, ఊళ్లో అమ్మానాన్నలకు చూపించాలనుకున్నవన్నీ వాటిలోనే ఉన్నాయి. ఇప్పుడు న్యూజెర్సీ బేస్‌మెంట్లలో, గుంటూరు బీరువాల్లో పడి ఉన్న పెట్టెల్లో చాలా భాగం ఆ తరానివే.

ఆ పెట్టెల్లో అదృష్టవంతులవి కొడాక్రోమ్ స్లైడ్లు. 1935లో కొడాక్రోమ్ ఫిల్మును తయారుచేసింది ఇద్దరు సంగీత విద్వాంసులు, పియానో వాయించే లియోపోల్డ్ మానెస్, వయొలిన్ వాయించే లియోపోల్డ్ గొడోవ్‌స్కీ. చీకటి గదిలో గడియారం కనిపించదు కాబట్టి బ్రామ్స్ సింఫనీని ఈలవేస్తూ సమయం లెక్కగట్టేవారట. కొడాక్రోమ్ ఫిల్ములో రంగు పుట్టించే రసాయనం ఉండదు, కడిగేటప్పుడే అది చేరుతుంది. అందువల్ల చీకట్లో దాచిన కొడాక్రోమ్ దశాబ్దాలు గడిచినా రంగు చెడదు. రంగు పుట్టించే రసాయనాన్ని తమలోనే దాచుకున్న అప్పటి మిగతా ఫిల్ములు చాలావరకు ఎర్రబారాయి. అలాగని కొడాక్రోమ్‌ను ప్రొజెక్టర్‌లో గంటలకొద్దీ వేస్తే అదీ వెలిసిపోతుంది. తయారీ 2009లో ఆగింది. కాన్సాస్ రాష్ట్రంలో, పార్సన్స్ అనే ఊళ్లోని డ్వేన్స్ ఫొటో ప్రపంచంలో దాన్ని కడిగిన చివరి లాబ్. అది 2010 డిసెంబరు 30తో కొత్త రీళ్లు తీసుకోవడం మానేసింది. కడగని కొడాక్రోమ్ రీలు మీ దగ్గర ఉంటే, ఇక నలుపు తెలుపుల్లో తప్ప అది చూడడానికి దక్కదు.

ఇంట్లో తీసిన బొమ్మలకు చరిత్రలో చోటెక్కడ అనేవాళ్లకు డాలస్ ఉదాహరణ చాలు. 1963 నవంబరు 22న ఆడవాళ్ల దుస్తులు తయారుచేసే అబ్రహాం జప్రూడర్ తన ఎయిట్ ఎం.ఎం. కెమెరాతో అధ్యక్షుడు కెనెడీ ఊరేగింపు తీస్తున్నాడు. 26 సెకన్లు, 486 ఫ్రేములు. కెనెడీ హత్య అందులో పడింది. ఆ రీలుకు 1999లో అమెరికా ప్రభుత్వం చెల్లించాల్సి వచ్చిన పరిహారం కోటీ 60 లక్షల డాలర్లు. నాకు ఆ సొమ్ము కన్నా ముఖ్యంగా తోచిన సంగతి ఇంకోటి ఉంది. ఆ రోజే తీసిన మూడు నకళ్లలో ఫిల్ము అంచున, పళ్ల రంధ్రాల మధ్య పడిన బొమ్మ రాలేదు. అది అసలు రీలులోనే ఉంది. 1997లో ఒక్కో ఫ్రేమునూ విడిగా ఫొటో తీసినప్పుడు గానీ ఆ అంచు జనం చూసేలా బయటికి రాలేదు. అసలు రీలే లేకపోతే? నకలు ఎంత బాగున్నా ఏదో ఒకటి వదిలేస్తుంది.

మన ఇళ్లలో నకలు తేలిగ్గా వదిలేసేది అట్ట మీది రాత. స్లైడు అట్ట మీద కొడాక్ అచ్చేసిన నెల, సంవత్సరం చాలావాటికి ఉంటాయి. అది ఫొటో తీసిన రోజు కాదు, లాబ్‌లో కడిగిన నెల. తిరుపతి వెళ్లింది మే నెలలోనైనా అట్ట మీద ఆగస్టు ఉండొచ్చు. ఫిల్ము అంచున సన్నగా కనిపించే వృత్తం, చదరం, త్రిభుజం గుర్తులు కొడాక్ వాళ్ల సంవత్సర సంకేతాలు. ఇరవై ఏళ్లకోసారి అవే తిరిగొస్తాయి కాబట్టి 1946కీ 1966కీ గుర్తు ఒకటే. బొమ్మలోని కారునో, చీర అంచునో చూసి తేల్చుకోవాల్సిందే. స్కాన్ చేసేవాళ్లు ఇవన్నీ చూడరు. అట్టనూ, డబ్బా మూత మీది పెన్సిల్ రాతనూ ముందు మీ ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి.

స్లైడును తిరగేసి స్కాన్ చేయడమూ మామూలే. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే ఒక వైపు నున్నగా మెరుస్తుంది, రెండో వైపు మసకగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. మెరిసే వైపు నుంచి చూస్తేనే కుడి ఎడమలు సరిగ్గా ఉంటాయి. అమ్మమ్మ పైట కుడి భుజం మీదికి వచ్చిందంటే స్లైడు తిరగబడినట్టే. దుమ్మును తనంతట తానే చెరిపేసే సదుపాయం చాలా స్కానర్లలో ఉంది గానీ, కొడాక్రోమ్ విషయంలో అది పొరపడుతుంది. ఆ రంగుల్లో ఒకటి పరారుణ కాంతిని అడ్డుకోవడంతో అసలు బొమ్మనే దుమ్మనుకుంటుంది. దాన్ని ఆపేయమని చెప్పండి.

సినిమా రీలును గోడ మీద వేసి ఫోన్‌తో తీయడం అందరికీ తోచే ఉపాయమే. సెకనుకు 16 లేదా 18 ఫ్రేములతో తీసిన దాన్ని 30 ఫ్రేముల కెమెరా పట్టుకుంటే మినుకుమినుకుమంటుంది. పైగా కుంచించుకుపోయిన ఫిల్మును పాత ప్రొజెక్టర్ పళ్లు చింపేస్తాయి. పళ్లు లేని చక్రాల మీద నడిపి, చల్లని ఎల్.ఇ.డి. వెలుతురులో ఒక్కో ఫ్రేమునూ విడిగా పట్టే స్కానర్ అయితేనే పంపండి. వేగం కూడా తీసినప్పటిదే ఉండాలి. 16ను 24 చేస్తే తాతగారు కూడా చాప్లిన్‌లా పరిగెడతారు.

సినిమాల సంగతికి ప్రభుత్వం ఉంది. 2022లో పాత చిత్రాల పునరుద్ధరణకు కేంద్రం 363 కోట్లు ప్రకటించింది. అయినా 1921 నాటి తొలి తెలుగు మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ మనకు దక్కలేదు. ఇంటి రీళ్లకు ఇంటివాళ్లే దిక్కు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక ఆసరా ఉంది. 2008లో మొదలై, ఫిలడెల్ఫియా నుంచి పనిచేస్తున్న సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ మనవాళ్ల ఫొటోలను, ఇంటి సినిమాలను స్కాన్ చేసుకుని, అసలువి ఇంటివాళ్లకే తిరిగి ఇచ్చేస్తుంది.

ఇక్కడ పని అప్పగించేటప్పుడు మూడు మాటలు అడగండి. ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చేస్తారా? కుదించని పెద్ద ఫైలు కూడా ఇస్తారా? రీలు, డబ్బా, అట్ట అన్నీ తిరిగి ఇస్తారా? సూటిగా జవాబు చెప్పనివారి చేతిలో రీలు పెట్టకండి.