అశ్వపోషకుల విన్నపాలు – చరిత్ర చెప్పే సాక్ష్యం

విన్నపపత్రాన్ని మన విమర్శకులు సాహిత్య ప్రక్రియగా లెక్కించరు. శాసనాలను, కృత్యాది పద్యాలను, చాటువులను చదివి ఒక కాలపు సమాజాన్ని అర్థం చేసుకొనే మనం, ఏలికలకు పెట్టుకొన్న అర్జీలను మాత్రం గుమాస్తాలకు వదిలివేశాం. ఇది సరికాదని నా అభిప్రాయం. విన్నపం రాసేవాడు సాధారణంగా తన అవసరాన్ని నేరుగా చెప్పడు. వినేవాడికి ఏది అవసరమో కనిపెట్టి దానిని ముందు పెడతాడు. అందువల్ల ఒక అర్జీని జాగ్రత్తగా చదివితే ఆనాటి రాజ్యానికి ఏది ముఖ్యమో, ఎవరు లెక్కలోకి వచ్చారో, ఎవరు రాలేదో తెలుస్తుంది.

మన దేశంలో పందెపు గుర్రాలను పెంచేవారు, రేసు క్లబ్బులవారు ఇటీవలి సంవత్సరాల్లో ప్రభుత్వానికి చేసుకొంటున్న విన్నపాన్ని ఈ దృష్టితో పరిశీలిద్దాం. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు గుర్రప్పందేలను 28 శాతం తరగతిలో చేర్చారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. ఈ భారంతో పందేలు క్షీణిస్తున్నాయనీ, పందేలు క్షీణిస్తే పెంపకం నిలవదనీ, పన్ను తగ్గించి పరిశ్రమను కాపాడాలనీ వారి కోరిక. ఇది వ్యవసాయాధారిత పరిశ్రమ అనీ, సయీసులు, శిక్షకులు, లాడాలు కొట్టేవారు, గడ్డి పండించే రైతులు దీనిపై బతుకుతున్నారనీ వారి వాదన. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు రేసుల లెక్కలతో పని లేదు. కాని ఈ వాదనలో సయీసు ముందు వరుసలోకి ఎప్పుడు వచ్చాడన్న ప్రశ్న నన్ను ఆకర్షించింది. దీనికి సమాధానం కోసం కొంత వెనక్కి వెళ్లాలి.

మన గడ్డమీద గుర్రానికీ రాజ్యానికీ ఉన్న సంబంధం సుంకంతోనూ యుద్ధంతోనూ ముడిపడినది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం మనందరికీ పరిచితమే. తుఫానుకు ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొని వస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వంటి సరుకునంతటినీ పూర్వపు రాజులు లాగుకొనేవారనీ, తాను నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొని తక్కినదాన్ని విడిచిపెడుతున్నాననీ ఆ రాజు ప్రకటించాడు. వర్తకుడికి కావలసినది దయకన్నా ముందు నిశ్చయం. ఎంత కట్టాలో ముందే తెలిస్తే అతడు ఓడ ఎక్కుతాడు. ఈ మాటను మనం మళ్లీ తలచుకోవలసి వస్తుంది.

శ్రీనాథుడి హరవిలాస కృతిభర్త అవచి తిప్పయసెట్టి తెప్పించిన సరుకుల్లో హురుమంజి గుర్రాలున్నాయి. హురుమంజి అంటే పారశీక సముద్రతీరపు హోర్ముజ్. విజయనగర కాలానికి ఈ వ్యాపారం రాజ్యానికి ప్రాణవాయువైంది. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ సాళువ నరసింహుణ్ణి గురించి రాసిన ఒక సంగతి ఆసక్తికరమైనది. ఆ రాజు గుర్రాలను చచ్చినా బతికినా వెయ్యి పరదాలకు మూడు చొప్పున కొనేవాడట. నడిసముద్రంలో చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపినా బతికిన గుర్రానికిచ్చే ధరే ఇచ్చేవాడట. తరువాత రాయలవారు ఏటా పదమూడు వేల హోర్ముజ్ గుర్రాలు కొనేవారని కూడా ఆయనే రాశాడు. ఆముక్తమాల్యదలోని రాజనీతి ఈ ఖర్చు వెనుక ఉన్న లెక్కను దాచుకోలేదు. ఏనుగులను, గుర్రాలను తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్లు, ఇళ్లు, కొలువులో గౌరవం, తగిన లాభం ఇచ్చి తనవారిని చేసుకోవాలనీ, అప్పుడు ఆ సరుకు శత్రువు చేతికి పోదనీ కవిరాజు చెప్పాడు.

గుర్రపు తోకకు కూడా వెల కట్టిన ఆ ఉదారత వర్తకుడి మీద ప్రేమతో పుట్టింది కాదు. అతడి నష్టాన్ని రాజు భరించకపోతే గుర్రం బహమనీ సుల్తానుల రేవుకు పోతుంది. ఇక ఆ గుర్రానికి ఉలవలు ఉడికించి పెట్టినవాడు, లద్దె ఎత్తినవాడు, రాత్రంతా లాయంలో కాపలా పడుకొన్నవాడు ఈ గ్రంథాల్లో ఎక్కడున్నాడు? మనుమంచిభట్టు హయలక్షణ విలాసంవంటి అశ్వశాస్త్రం తెలుగులో పుట్టింది. గుర్రం సుడులకు, రంగులకు, నడకలకు పద్యాలు దక్కాయి. గుర్రపువాడికి దక్కలేదు.

వలసపాలనలో ఏలిక మారాడు గాని లెక్క మారలేదు. ఈస్టిండియా కంపెనీ తన అశ్వదళం కోసం పద్దెనిమిదో శతాబ్దం చివర బీహారులోని పూసాలో గుర్రాల పెంపక క్షేత్రం పెట్టింది. 1808లో దాని అధికారిగా వచ్చిన విలియం మూర్‌క్రాఫ్ట్ పశువైద్యుడు. మంచి జాతి మగగుర్రాల కోసం టిబెట్టు సరిహద్దులూ లడఖూ దాటి బుఖారా దాకా తిరిగి 1825లో ఆ దారిలోనే మరణించాడు. గ్రామాల్లోని రైతులకు ఆడగుర్రాలను అప్పగించి, పుట్టిన పిల్లలను కంపెనీ తీసుకొనే పద్ధతి కూడా ఉండేది. అంటే పెంపకపు భారంలో కొంత రైతు ఇంటికి చేరింది. అయినా అవసరానికి సరిపడే గుర్రాలు రాలేదు. ఖర్చుమాత్రం పెరిగింది. ఈలోగా ఆస్ట్రేలియా నుంచి మద్రాసు, కలకత్తా రేవులకు వేలర్ గుర్రాలు దిగుమతి కాసాగాయి. 1870లలో బెంగాలు పెంపక శాఖను ఎత్తివేశారు. పూసా భూమిలో 1905లో వ్యవసాయ పరిశోధనా సంస్థ వెలిసింది. 1934 భూకంపంలో దెబ్బతిన్న ఆ సంస్థ ఢిల్లీకి తరలినా పూసా పేరు దానితోనే వెళ్లింది. ఈనాడు మన రైతు వాడుకలో ఉన్న పూసా వంగడాల పేరులో మిగిలింది ఆ గుర్రాల క్షేత్రపు పేరే.

ఆ కాలపు గుర్రప్పందేలు ఈ సైనికావసరపు నీడలోనే పెరిగాయి. పందెం వల్ల మంచి జాతి తేలుతుందనీ, మంచి జాతి సైన్యానికి పనికివస్తుందనీ సమర్థన ఉండేది. మద్రాసు గిండీ, కలకత్తా, బొంబాయి మైదానాల్లో అధికారులు, సైనికులు పోషకులైతే, హైదరాబాదులో నవాబులు, జాగీర్దార్లు పోషకులయ్యారు. మౌలాలీలో మొదలైన పందేలు 1886లో మలక్‌పేటకు మారాయి. 1930ల చివర అశ్వదళాలు గుర్రాలను వదిలి యంత్రాలకు మారసాగాయి. దానితో సైన్యం పేరు చెప్పి సహాయం అడిగే దారి మూసుకుపోయింది. ఇక మిగిలినది పందెం, పందెం మీద పన్ను.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం పెంపకందారులకు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. విదేశీ మారకాన్ని పొదుపు చేయడానికి పందెపు గుర్రాల దిగుమతిని కట్టడి చేయడం వల్ల స్వదేశీ పెంపకానికి పోటీలేని బజారు దొరికింది. పూణె పరిసరాల్లో, పంజాబ్, హర్యానాల్లో, కర్ణాటకలోని కుణిగల్‌లో క్షేత్రాలు వర్ధిల్లాయి. కుణిగల్ క్షేత్రం టిప్పు సుల్తాను కాలంలో అతని అశ్వదళానికి గుర్రాలనిచ్చినది.

పెంపకపు ఆర్థిక స్వభావాన్ని ఇక్కడ కొంచెం తెలుసుకోవాలి. ఆడగుర్రం పదకొండు నెలలు మోస్తుంది. పుట్టిన పిల్ల ఏ నెలలో పుట్టినా దాని వయసును జనవరి 1 నుంచే లెక్కిస్తారు. రెండేళ్లు నిండాక గాని అది పందెంలోకి దిగదు. అంటే ఈ ఏడు దాటించిన గుర్రానికి ఫలితం మూడు, నాలుగేళ్ల తరువాత. ఆ పిల్లకు వచ్చే ధర బహుమతి సొమ్ముమీద, బహుమతి సొమ్ము క్లబ్బుకు మిగిలే కమీషన్‌మీద, కమీషన్ జనం కాసే పందెంమీద ఆధారపడతాయి. పందెంమీద వేసిన పన్ను ఈ గొలుసుగుండా వెనక్కి నడిచి లాయం చేరుతుంది. ఈ గుర్రం నాగలికి కట్టడానికి గాని బండికి పూన్చడానికి గాని పనికిరాదు. పందెం పోతే దానికి వేరే బతుకు లేదు. మోటుపల్లి వర్తకుడివలెనే ఇతడికీ ముందు కావలసినది నిర్ణీత సుంకమే.

ఆ నిశ్చయమే ఇతడికి దొరకలేదు. తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రప్పందేలను రద్దుచేస్తూ చట్టం చేసింది. 1986లో మద్రాసు రేసు క్లబ్బును స్వాధీనం చేసుకోవడానికి మరొక చట్టం చేసింది. ఈ వివాదంలో 1996 జనవరిలో సుప్రీంకోర్టు, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంమీద ఆధారపడిన ఆట అని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారాల్లో ఒకటి మన సికింద్రాబాదు క్లబ్బులోని రమ్మీ ఆటపై 1967లో వచ్చిన తీర్పు. న్యాయస్థానం జూదం కాదన్నదానిని పన్ను శాఖ జూదశాలతో, లాటరీతో ఒకే వరుసలో కూర్చోబెట్టింది. పన్ను క్లబ్బు కమీషన్‌మీదనే వేయాలని 2021లో కర్ణాటక హైకోర్టు చెబితే, 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణలు పందెపు పూర్తి మొత్తమే లెక్క అని తేల్చాయి. నూరు రూపాయల పందెంలో గెలిచినా ఓడినా ఆనాడు 28 రూపాయలు, ఈనాడు 40 రూపాయలు పన్ను. చాటుమాటు బుకీ ఈ పన్ను కట్టడు కనుక పందెగాడు అతడి దగ్గరికి పోతాడని పెంపకందారులు అంటున్నారు. ఈ మాటలో నిజం ఉన్నదని ఒప్పుకోవాలి. జూదాన్ని మానిపించాలన్న ఉద్దేశం ప్రభుత్వానికి ఉంటే ఆ సంగతి సూటిగా చెప్పాలి. మానిపించకుండా, బతకనీయకుండా పిండుకోవడం నీతి అనిపించుకోదు.

పెంపకందారుల పక్షాన మరొక సాక్ష్యం కూడా చెప్పాలి. పూణెలోని పూనావాలా క్షేత్రంలో పందేలకు పనికిరాకుండా పోయిన గుర్రాలను బొంబాయి హాఫ్‌కిన్ సంస్థకు ఇచ్చేవారు. వాటి రక్తం నుంచి అక్కడ సీరం తయారుచేసేవారు. ఆ పనిని తామే చేపడదామన్న ఆలోచన నుంచి 1966లో సీరం ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. విలాసం కోసం పెంచిన గుర్రం ధనుర్వాతానికి మందైంది. ఈ మేలు జరిగినది పందెం వల్ల కాదు. ఆ పక్కనే ఒక ప్రజావైద్య సంస్థ ఉండటం వల్ల.

ఇక సయీసు సంగతి. సైన్యం ఉన్నన్నాళ్లు దేశరక్షణ పేరు చెప్పారు. పన్ను రాబడి ఉన్నన్నాళ్లు ఖజానా పేరు చెప్పారు. ఆ రెండూ చిక్కిపోయాక కార్మికుడి పేరు ప్రధానంగా వినబడుతున్నది. ఇది మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులో పందెపు దుకాణాలు చట్టబద్ధమైన 1961లోనే బుకీల ఆదాయం నుంచి కొంత పందేలకు మళ్లించే లెవీ చట్టం వచ్చింది. ఆ లెవీ బోర్డుకు చట్టం చెప్పిన లక్ష్యాలు మూడు: గుర్రాల జాతిని మెరుగుపరచడం, పశువైద్య శాస్త్రాన్ని పెంపొందించడం, గుర్రప్పందేలను అభివృద్ధి చేయడం. లాయంలో పనిచేసేవాడు ఈ మూడింటిలోనూ లేడు. 2025 సెప్టెంబరు 10న, పన్ను పెంచుతారన్న భయంతో, ఆ దేశంలో ఒకరోజు పందేలు ఆపి నిరసన తెలిపారు. ఆనాటి వాదనలో మాత్రం ఉద్యోగాల మాట గట్టిగా వినిపించింది.

సయీసు పేరు చెప్పడం తప్పని నేను అనడం లేదు. తెల్లవారకముందే లేచి గుర్రాన్ని నడిపించి, మాలీసు చేసి, కాళ్లకు పట్టీలు కట్టి, దాణా పెట్టే అతడి బతుకు నిజంగానే ఆ లాయంతో ముడిపడి ఉంది. అతడి నైపుణ్యం తండ్రి నుంచి కొడుక్కు వచ్చినది. మరో పనిలోకి మారడం తేలిక కాదు. 2024లో తమిళనాడు ప్రభుత్వం గిండీ మైదానపు సుమారు 160 ఎకరాల కౌలును రద్దు చేసినప్పుడు చర్చంతా భూమి విలువ, ఉద్యానవనం, చెరువులచుట్టూ తిరిగింది. అవన్నీ ప్రజలకు కావలసినవే. అయితే లాయాల్లో బతికేవారు ఎక్కడికి పోతారన్న ప్రశ్న క్లబ్బు వకీలు నోట వినబడటం కాదు, ప్రభుత్వపు ఉత్తర్వులో కనబడాలి.

కాబట్టి ఈ విన్నపానికి ఇవ్వవలసిన జవాబు దాని మాటల్లోనే ఉన్నదని నాకు తోస్తున్నది. సహాయం సయీసు కోసమే అయితే దానిని సయీసు పేరనే రాయండి. పన్ను తగ్గింపుకు షరతుగా కనీసవేతనం, భవిష్యనిధి, ప్రమాద బీమా, పిల్లల చదువు, పందేలకు దూరమైన గుర్రాల పోషణ ఉండాలి. పన్ను ఎంత ఉంటుందో నాలుగేళ్లముందే తెలియాలి. అలా కాక బహుమతి సొమ్ము పెరగడమే సహాయమైతే, అది యజమాని జేబుకు చేరుతుందే గాని లాయందాకా వస్తుందన్న హామీ లేదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లమీద నడుస్తుందని మన సామెత. షరతులేని సహాయమూ అట్లాగే నడుస్తుంది.

సాహిత్య విద్యార్థులు ఈ రకమైన పత్రాలను చదవడం అలవాటు చేసుకోవాలి. చేనేత, చెరకు, పొగాకు, సినిమా – ఏ పరిశ్రమ సంక్షోభంలో పడినా పైకి వచ్చే అర్జీలో శ్రామికుడు కనిపిస్తాడు. ఆ వాక్యాల్లో అతడు కర్తగా ఉన్నాడా, కర్మగా ఉన్నాడా అని పరిశీలించండి. అర్జీ కింద ఎవరి సంతకం ఉందో, మంజూరైన సొమ్ము ఎవరి ఖాతాలో పడిందో వెదకండి. సాళువ నరసింహుడి కాలంలో చచ్చిన గుర్రపు తోకకు కూడా వెల దొరికింది. ఆ గుర్రంతో ఓడలో వచ్చి, దానితోపాటే సముద్రంలో పోయిన గుర్రపువాడికి ఎంత ఇచ్చారో ఏ గ్రంథమూ రాయలేదు. నేటి విన్నపాలకు రేపు చరిత్ర రాసేవారు ఆ లోటును మిగల్చకూడదు.