రాజమహేంద్రవరపు పురపాలకులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పెద్దలారా! పందొమ్మిదవ శతాబ్దమున మన యీ మూడూళ్ళకును పురపాలక సంఘము లేదు. కావున గోదావరీతీరమునకు పోవుదము. రాజమహేంద్రవరమున సంఘము 1866లో నేర్పడెను. తొలుత పెత్తనము సర్కారు అధికారులది. 1882లో రిప్పన్ ప్రభువు తీర్మానమును, 1884లో మద్రాసు చట్టమును వచ్చిన పిదప ఊరివారికి త్రోవ విశాలమైనది.

అట్లు అధ్యక్షపీఠ మెక్కినవారిలో న్యాపతి సుబ్బారావు పంతులుగారు (1856–1941) ప్రముఖులు. వృత్తి వకీలు, 1878లో మద్రాసున ‘హిందూ’ పత్రికను స్థాపించిన ఆర్గురిలో నొకరు. పత్రికలో సర్కారును విమర్శించుట సులభము. ఇరుగుపొరుగిండ్లపై పన్ను వేసి వీధులు బాగుచేయించుట కష్టము. కలెక్టరు పన్నునకు ఊరు గొణుగును; తోటివాని పన్నునకు గడపకు వచ్చి నిలదీయును. స్వపరిపాలనమునకు తొలి పరీక్ష యదియే యని నా తలంపు.

1893లో వారు మద్రాసు శాసనసభ కెన్నికైరి. 1914లో కాంగ్రెసు ప్రధాన కార్యదర్శులైరి. ‘చింతామణి’ పత్రిక ద్వారా నవలలకు బహుమానము లిప్పించినదియు వీరే; చిలకమర్తివారు ఆ పోటీలలో గెలిచినవారే.