పరిచర్య

సంస్కృతంలో ‘పరి’ అంటే చుట్టూ, ‘చర్య’ అంటే మసలడం. మంచాన పడ్డవారి చుట్టూ తిరుగుతూ ఏం కావాలో కనిపెట్టి చూసుకోవడం పరిచర్య. తెలుగు బైబిలు ఈ మాటను గ్రీకు ‘డయకోనియా’కు తీసుకుంది. ఎంత చక్కటి ఎంపిక! డయకోనియా అంటే మొదట బంతిలో వడ్డన. అపొస్తలుల కార్యాలు 6వ అధ్యాయంలో విధవరాళ్లకు రోజూ భోజనం పంచడానికీ, వాక్యం బోధించడానికీ గ్రీకులో ఒకటే మాట. యేసు తువ్వాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగాడు. అప్పట్లో అది దాసుల పని.

ఇప్పుడు క్రైస్తవ సభల పోస్టర్లలో పరిచర్య అంటే ఎక్కువగా వేదిక మీది ప్రసంగమే. అది నాకు కష్టంగా ఉంటుంది. అయితే అంతటా అలా లేదు. 1998లో హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసుల సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్, కొండాపూర్ వైపు ఎన్నో ఊళ్ల విశ్వాసులు చేరారు. వారమంతా టీమ్‌కి పనులు పురమాయించే మేనేజరు ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు చుడతాడు, ఓ ముసలావిడ చెప్పులు వెతికి కాళ్ల దగ్గర పెడతాడు. అక్కడి సంఘాల్లో దీన్నీ పరిచర్యే అంటారు.