ఎలుక మరచినదా, ఊరకున్నదా?

మనిషికి ఒక సంగతి జ్ఞాపకమున్నదో లేదో తెలియవలెనన్న అతనినే అడుగవచ్చును. ఎలుకను అడుగుటకు వీలులేదు. అది ఎటు పోయినది, ఎంతసేపు నిలిచినది, ఎన్నిమార్లు దారి తప్పినది, ఇంతవరకే కంటికి కనబడును. తక్కినది మన ఊహ. ఆ ఊహల చరిత్రలో కొన్ని ఘట్టములను శ్రోతల ముందుంచుచున్నాము.

ఇంగ్లండులోని హాంప్టన్ కోర్టు రాజోద్యానమున పొదలను గోడలుగా పెంచిన చిక్కుదారి ఒకటి కలదు. అమెరికాలో క్లార్కు విశ్వవిద్యాలయమున విల్లర్డ్ స్మాల్ దాని నమూనాపై ఎలుకలకు చిక్కుదారి అమర్చి, 1901లో ఫలితములను ప్రకటించెను. తప్పులు తగ్గినచో ఎలుక నేర్చినదని లెక్క.

అయితే నేర్చినదేమి? 1908లో కార్, వాట్సన్ అనువారు బాగుగా అలవాటుపడిన ఎలుకల దారిని కొంత కురుచ చేసి చూచిరి. ఎలుకలు పరుగున వచ్చి గోడకు కొట్టుకొన్నవి! ఎలుక తలలో దారి లేదు, కాళ్ళలో అలవాటే ఉన్నదని పలువురు తలచిరి.

ఈ తలపునకు గట్టి దెబ్బ 1930లో తగిలెను. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున టోల్మన్, హాంజిక్ అనువారు 14 మలుపుల చిక్కుదారిలో మూడు జట్ల ఎలుకలను దినమున కొకసారి నడిపించిరి. మొదటి జట్టుకు దారి చివర నిత్యము తిండి దొరకెను. రెండవదానికి ఎన్నడును లేదు. మూడవదానికి పది దినములు లేదు. 11వ దినమునుండి పెట్టిరి. ఆ పది దినములును మూడవ జట్టు తప్పుదారులు త్రొక్కుచునే యుండెను. ప్రయోగము అంతటితో ఆగియున్నచో, ఇవి మందబుద్ధులని వ్రాసికొని యుందురు. కాని 12వ నాడు వాని తప్పులు ఒక్కసారిగా పడిపోయి, మొదటి జట్టుతో సాటి వచ్చినవి. దారి అవి మునుపే ఎరుగును. త్వరపడుటకు కారణము లేకుండెను, అంతియే. జంతువు తలలో పరిసరముల పటము వంటిది ఏర్పడునని 1948లో టోల్మన్ వాదించెను.

తిండి ప్రసక్తియే లేని పరీక్షను 1988లో ఫ్రాన్సున ఎన్నసూర్, దెలకూర్ అనువారు ప్రకటించిరి. ఒకేరకపు రెండు వస్తువులను ఎలుక ముందుంచుదురు. కొంత వ్యవధి తరువాత ఒకదాని స్థానమున వేరొక వస్తువును పెట్టుదురు. క్రొత్తదానినే ఎక్కువసేపు మూచూచినచో పాతది జ్ఞాపకమున్నట్లు. జ్ఞాపకమును కుతూహలముతో తూచు తక్కెడ ఇది. రెండింటిని సమానముగా చూచిన ఎలుక మరచినదా? క్రొత్తదానికి బెదరినదా? మొదటిసారి సరిగా చూడనేలేదా? వృద్ధాప్యపు మతిమరుపునకు మందులు వెదకువారు నేడు ఈ పరీక్షను విరివిగా వాడుచున్నారు. అంకె తగ్గినచో, మందు మతిని చెరచినదో, కుతూహలమునే చంపినదో ఆ ఒక్క అంకె చెప్పదు. మొదటి దర్శనమున ఎలుక వస్తువులను ఎంతసేపు చూచినది, ఎంత తిరిగినది కొలిచి చూపని పత్రమును మేము నమ్మజాలము.

కొలిచినను చిక్కు తీరదు. 1999లో క్రాబ్ మొదలగువారు ఎనిమిది వంశముల చిట్టెలుకలను ఆల్బనీ, ఎడ్మంటన్, పోర్ట్‌లండు నగరములలోని మూడు ప్రయోగశాలలలో ఒకే పరికరములతో, ఒకే నియమములతో పరీక్షించిరి. అయినను కొన్ని ఫలితములు ఊరికొక తీరున వచ్చినవి. ఎడ్మంటన్‌లో పరీక్షించిన వ్యక్తికి ఎలుకలు సరిపడవట. గాలిని వడపోయు ముసుగు ముఖమునకు తగిలించుకొని పనిచేయవలసి వచ్చెను. ఆ ముసుగును చూచి చిట్టెలుకలు ఏమనుకొన్నవో ఏ పట్టికలోను లేదు.