నక్కవాగులో మాత్రల లెక్క

నక్కవాగు చిన్న వాగు. పటాన్‌చెరు పరిసరాల నీళ్లను మోసుకెళ్లి మంజీరలో కలుపుతుంది. మంజీర వెళ్లి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ దారి గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

హైదరాబాదులో మందుల పరిశ్రమకు విత్తనం 1960లలో పడింది. బాలానగర్‌లో ఐడీపీఎల్ కర్మాగారం వచ్చాక, మందుల తయారీ చేతికొచ్చిన కెమిస్టులు ఇక్కడే తయారయ్యారు. 1970 పేటెంట్ చట్టం మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే హక్కు ఇచ్చింది. పద్ధతి మారిస్తే అదే మందు ఎవరైనా చేసుకోవచ్చు. ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు కొందరు సొంత కంపెనీలు పెట్టుకున్నారు. అప్పట్లో వెనకబడిన మెదక్ జిల్లాకు పరిశ్రమలు కావాలి, కంపెనీలకు స్థలం కావాలి. అలా పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి నిండిపోయాయి. మెట్టపంటల పరిశోధనకు 1972లో ఇక్రిశాట్ వెలిసిందీ పటాన్‌చెరులోనే! ఆ ప్రహరీ లోపల జొన్న, కంది మీద పరిశోధన సాగుతుంటే, కంపెనీల వ్యర్థాలు చేరిన వాగు ఒడ్డున రైతుల మడులు బీడుపడ్డాయి.

కాలుష్యాన్ని మొదట పట్టింది కళ్లూ ముక్కూ. నీటి రంగు మారింది, వాసన మారింది, చేపలు వెల్లకిలా తేలాయి. ఊళ్లో వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది.

1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. కంపెనీల వ్యర్థజలాలు ట్యాంకర్లలో అక్కడికి చేరతాయి, సూక్ష్మజీవులు అందులోని మలినాన్ని తింటాయి. ఎంత మిగిలిందో బీవోడీ, సీవోడీ అనే అంకెలు చెబుతాయి. నా మటుకు అసలు పొరపాటు ఈ కొలతలోనే ఉంది. బస్తాలో బియ్యం ఎన్ని కిలోలో కాటా చెబుతుంది గానీ, అందులో విషం కలిసిందో లేదో చెప్పదు. పైగా సూక్ష్మజీవులను చంపడానికి తయారుచేసిన మందు మిగిలిన నీటిని శుద్ధి చేయమని సూక్ష్మజీవుల ముందే పెట్టాం! చచ్చేవి చస్తాయి, తట్టుకున్నవి పిల్లలు పెడతాయి. శుద్ధి బాగా జరగాలని అందులో ఇళ్ల మురుగునీరు కూడా కలిపేవారు. అంటే మనిషి పేగుల్లోని బాక్టీరియాకు అక్కడే శిక్షణ అన్నమాట.

ఆ నీటిలో ఏముందో చూసినవాళ్లు స్వీడన్ శాస్త్రవేత్తలు. యోకిమ్ లార్సన్ బృందం 2007లో ఫలితాలు ప్రకటించింది. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల నీళ్లు శుద్ధయి బయటికొచ్చే చోట, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఇంటి లెక్కలో చెప్పాలంటే, పదహారు లీటర్ల బిందెలో 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కరిగించినట్టు. రోజుకు 45 కిలోలు పోతున్నదని అంచనా. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అది. 2009లో అక్కడి చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందులు బయటపడ్డాయి.

మరో పరీక్షలో శుద్ధి కేంద్రం నీటిని ఒక పాలు తీసుకుని, దాదాపు 500 పాళ్ల మంచినీళ్లలో కలిపి తోకకప్పలను పెంచారు. అవి చావలేదు, ఎదుగుదల మాత్రం 40 శాతం తగ్గింది. వాగులో ఇలాంటిదే జరిగితే ఎవరు గమనిస్తారు? చచ్చిన చేప తేలుతుంది కాబట్టి కనబడుతుంది. గిడసబారిన కప్ప ఎవరి కంటా పడదు. 2011లో వాగు అడుగు బురదలో, బాక్టీరియా మందులకు లొంగకుండా చేసే జన్యువులు భారీగా ఉన్నాయని తేలింది.

ఇక మొదట గుర్తుంచుకోమన్న ఆ దారి సంగతి. వాగును కాపాడేందుకు సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి, శుద్ధి కేంద్రం నీళ్లను నగరపు మురుగులో కలిపి అంబర్‌పేటకు మళ్లించారు. అక్కణ్నుంచి మూసీ, మూసీ నుంచి వాడపల్లి దగ్గర కృష్ణ. గోదావరికి పోవాల్సిన కష్టాన్ని కృష్ణకు బదిలీ చేశాం. దారిలో మూసీ ఒడ్డున పాడిపశువుల కోసం ఆ నీటితోనే గడ్డి పెంచుతారు.

2020 జనవరిలో కేంద్రం 121 యాంటీబయాటిక్‌లకు వ్యర్థజలాల్లో హద్దులు గీస్తూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో బీవోడీ, సీవోడీ ఉన్నాయి. ఆ హద్దులు లేవు.