పాతినుములోంచి పుట్టిన గుర్రం

పెన్సిల్వేనియాలో మా ఇంటి వెనక షెడ్డులో మూడు ట్రాక్టర్లున్నాయి. ట్రాక్టర్లంటే మన ఊళ్లలో దమ్ము చేసేవి కావు. నా నడుం ఎత్తు కూడా ఉండని గార్డెన్ ట్రాక్టర్లు. గడ్డి కోయడానికి, కూరగాయల మడి దున్నుకోవడానికి, చలికాలం వాకిట్లో మంచు తోయడానికి ఇక్కడివాళ్లు వాడేవి. మూడింట్లో ఒకటే నడుస్తుంది. రెండోది దానికి విడిభాగాలన్నీ దానం చేసి అస్థిపంజరమై కూర్చుంది. మూడోదాని వంతు ఇంకా రాలేదు. మా ఆవిడ లెక్కలో మూడూ ఒకటే, చోటు దండగ.

నడిచేదాని పేరు వీల్ హార్స్ 855. మొదటి 8 దాని గుర్రాల బలం, చివరి 5 అది తయారైన 1965. ఇక్కడికి గంట దూరంలో ఒక పెద్దాయన పశువుల కొట్టంలో, కోళ్లు గుడ్లు పెట్టుకునే చోటుగా మారిపోయి దొరికింది. ఇంజను బిగుసుకుపోయింది. సీటు ఎలుకలు తినేశాయి. "తీసుకుపో, డబ్బులొద్దు, కానీ పాతినుముకి వెయ్యనని మాటివ్వు" అన్నాడాయన. ఆ మాట నాకెక్కడో తగిలింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈ బండ్ల చరిత్ర తవ్వుతూ పోతే నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. పెద్ద పెద్ద ట్రాక్టర్ కంపెనీలు వీటిని మొదలుపెట్టలేదు. ఇంటి వెనక షెడ్లలో, చేతికందిన సామానుతో మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ. వెస్ట్ వర్జీనియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గ్రేవ్లీ అని ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. ఫొటోలు తీసి బతికేవాడే కానీ బుద్ధంతా తోట మీదే. 1911 ప్రాంతంలో ఇండియన్ మోటార్ సైకిల్ భాగాలు పెట్టి, వెనక నడుస్తూ తోలే నాగలి ఒకటి చేశాడు. పేరు చూసి మన దేశం బండి అనుకోకండి, అది అమెరికా కంపెనీయే. ఆ నాగలికి చక్రం ఒకటే. 1916లో పేటెంటు వచ్చింది. డన్బార్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ లేచింది. కాన్సాస్‌లో షా కంపెనీవాళ్లదింకో దారి. పాత ఫోర్డు మోడల్ టీ కారుని ట్రాక్టరుగా మార్చుకునే సామాను పెట్టెలో పెట్టి అమ్మారు.

ఇక నా గుర్రం కథ. ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ అనే ఊరు. స్టూడ్‌బేకర్ కార్ల ఊరు. 1946లో అక్కడ ఎల్మర్ పాండ్ అనే ఆయన తన ఇంటి గ్యారేజీలో, పాత కార్ల వెనక యాక్సిల్ వగైరా ఏరుకొచ్చి చిన్న ట్రాక్టర్లు కట్టడం మొదలుపెట్టాడు. కొడుకు సిసిల్ చేతికొచ్చాక అది కంపెనీ అయింది. ఇంగ్లీషులో వీల్ హార్స్ అంటే బండికి కట్టిన గుర్రాల వరసలో చక్రాల పక్కనే ఉండేది. ముందు గుర్రాలు దారి చూపిస్తే బరువు దీని మీద పడుతుంది. పేరు పెట్టినవాడికి బండి సంగతీ తెలుసు, గుర్రం సంగతీ తెలుసు.

ఎందుకంత గిరాకీ వచ్చిందంటే, రెండో ప్రపంచయుద్ధం అయిపోయి సైనికులు ఇళ్లకొచ్చారు. ఊళ్ల చివర కొత్త కాలనీలు లేచాయి. ఒక్కో ఇంటి చుట్టూ బోలెడు జాగా, దాని నిండా గడ్డి. అంత గడ్డి చేత్తో తోసే మిషనుతో కోస్తే ఆదివారం అక్కడే తెల్లారుతుంది. పెద్ద కంపెనీలు ఇది ఆలస్యంగా పసిగట్టాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1960 చివర్లో, కెంటకీలోని లూయిస్‌విల్‌లో, కబ్ కేడెట్ బయటికి తెచ్చింది. పసుపు, తెలుపు రంగులు, 7 గుర్రాల కోలర్ ఇంజను. మొదటి మోడలే మూడేళ్లలో 65 వేలకు పైగా అమ్ముడుపోయింది. జాన్ డీర్ 1963లో 110 మోడల్‌తో దిగింది. 1969కొచ్చేసరికి వాళ్లు ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగు బానెట్లతో కూడా అమ్మారు. పచ్చ రంగు తప్ప తెలియని కంపెనీకి ఆ బుద్ధి ఎలా పుట్టిందో! ఆ రంగుల బండ్లకి ఇప్పుడు మాలాంటివాళ్లలో పిచ్చి గిరాకీ.

ఆ తర్వాత కథ అన్ని ఫ్యాక్టరీల కథే. సౌత్ బెండ్‌లో స్టూడ్‌బేకర్ కార్ల ఫ్యాక్టరీ అప్పటికే, 1963 డిసెంబరులో, మూతపడింది. వీల్ హార్స్‌ని 1974లో అమెరికన్ మోటార్స్, 1986లో టోరో కొనేశాయి. కబ్ కేడెట్ 1981లో చేతులు మారింది. పోత ఇనుము పోయి పల్చటి రేకులొచ్చాయి.

మళ్లీ నా బండి దగ్గరికి. దాన్ని బాగుచేసింది మేం నలుగురం. ఒకాయన వెల్డింగు పని చేసి రిటైరయ్యాడు, ఒకాయన స్కూలు బస్సు తోలుతాడు, ఒకావిడ నర్సు, నేను కంప్యూటర్లలో కూలీ. శనివారం పొద్దున ఎవరో ఒకరి షెడ్డులో చేరతాం. అందరికంటే చేతి నైపుణ్యం తక్కువ నాదే. మొదటివారమే రుజువు చేసుకున్నాను. ఫ్లైవీల్ రాకపోతే కింద స్క్రూడ్రైవర్ దోపి ఎత్తాను. దాని రెక్క ఒకటి టక్కున విరిగింది. వెల్డింగాయన ఏమీ అనలేదు. తన కారు డిక్కీలోంచి ఫ్లైవీల్ ఊడదీసే పుల్లర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. మర్నాడు వేరే ఫ్లైవీల్ తెచ్చిచ్చాడు, అది నా షెడ్డులోని రెండో బండి, ఆ అస్థిపంజరంలోంచి ఊడదీసిందే.

ఇంజను కోలర్ కె181. సైడు వాల్వులది. హెడ్డు విప్పితే పిస్టన్ తలకాయ ఎర్రగా తుప్పు కప్పుకుని కనిపించింది. రేపల్లె దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్నకి ఫోనులో చూపించాను. ఆయన ముప్పై ఏళ్లు ఆయిలింజన్లు బాగుచేశాడు.

"కొడుతున్నావా ఏంటి?"

"చెక్కముక్క పెట్టి చిన్నగా, నాన్నా."

"కొట్టకురా. నానబెట్టు. నానితే అదే వస్తుంది."

ఆయన కిరసనాయిలు పోసి నానబెట్టేవాడు. ఇక్కడివాళ్లు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలూ ఎసిటోనూ సగం సగం కలుపుతారు. తొమ్మిది రోజులు నానింది. పదో రోజు ఫ్లైవీల్ మీద చెయ్యేస్తే వెంట్రుకవాసి కదిలింది. సిలిండరు లేతు షాపులో బోరు కొట్టించి, ఇరవై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు పిస్టను, రింగులు వేశాం. అరవై ఏళ్ల ఇంజనుకి ఇంకా సామాను దొరకడం ఇక్కడి గొప్ప.

తుప్పు వదిలించే పద్ధతి మాత్రం చూడాల్సిందే. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి చాకలిసోడా కలుపుతారు. బ్యాటరీ ఛార్జరు మైనస్ తీగ తుప్పుపట్టిన భాగానికి, ప్లస్ తీగ పనికిరాని ఇనప ముక్కకి తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ముంచుతారు. బుడగలు సన్నగా లేస్తాయి. రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి నీళ్ల మీద గోధుమరంగు నురగ, వస్తువు మీద నల్లటి మడ్డి. బ్రష్షుతో రుద్దితే పోతపోసిన అచ్చు అక్షరాలు బయటపడతాయి. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వాడకూడదు, నీళ్లు విషమవుతాయి. పని చేసేది ఆరుబయటే.

రంగు దగ్గర మాకు గొడవొచ్చింది. బస్సాయన మొత్తం గీకి కొత్తదానిలా ఎర్రరంగు కొట్టాలన్నాడు. వెలిసిన రంగే ఉంచాలని నేను. పాత గుళ్లో శిల్పాలకి సున్నాలు, ఆయిల్ పెయింట్లు పూసి బాగుచేశామనుకునేవాళ్లని చూసి పెరిగినవాణ్ణి, నాకు అది మనసొప్పదు. చివరికి చక్రాలకి రంగు వేశాం, బానెట్టు అలాగే ఉంచాం. బానెట్టు మీద ఆ పెద్దాయన కూతురు చిన్నప్పుడు మేకుతో గీసిన పువ్వు ఉంది.

స్టార్టయిన రోజు మళ్లీ నాన్నకి ఫోను చేసి ఇంజను పక్కన పెట్టాను. రెండు నిమిషాలు విని, "మధ్యలో ఒకటి మిస్సవుతోంది. పాయింట్లు చూడు" అన్నాడు. గేజి పెట్టి ఇగ్నిషన్ పాయింట్ల మధ్య సందు చూస్తే పద్నాలుగు థౌ ఉంది. ఉండాల్సింది ఇరవై. సరిచేశాక శబ్దం నిండుగా వచ్చింది. ఆయన అప్పుడన్నాడు: "మనదీ ఇలాగే పలికేది."

మనదంటే 5 గుర్రాల ఆయిలింజను. కాలవలోంచి చేలోకి నీళ్లు తోడేది. కరెంటు మోటారు వచ్చాక పదేళ్లు పాకలో పడుంది. ఇంజనీరింగు సీటొచ్చిన ఏడాది నా ఫీజు కోసం దాన్ని పాతినుము కొట్టుకి వేశారు. కాటా మీద కిలోల లెక్కన తూచి, అక్కడే సమ్మెటతో ఫ్లైవీల్ పగలగొట్టారు. నేను పక్కనే నిలబడున్నాను. అది ఏ కంపెనీదో, ఏ ఏడాదిదో నాన్నకిప్పుడు గుర్తు లేదు. ఇత్తడి ప్లేటు ఉండేదని మాత్రం చెప్తాడు.

ఏటా జూన్‌లో ఇక్కడికి దగ్గర్లోనే అరెంట్స్‌విల్‌లో వీల్ హార్స్ వాళ్ల తిరునాళ్లు జరుగుతాయి, ఆపిల్ తోటల మధ్య. వరసలు వరసలుగా ఎర్రబండ్లు. ఒక్కోదాని ముందు ఒక అట్ట: ఏ ఏడాది, ఏ మోడలు, ఎక్కడ దొరికింది. పోయిన జూన్‌లో మా 855 ముందు నేనూ ఒక అట్ట పెట్టాను.

మీ పాకలోనో, మూతపడిన రైసు మిల్లు మూలనో, బోదె గట్టు మీదో అలాంటి ఇంజను ఒకటి ఇంకా ఉంటే, అమ్మవద్దని నేననను, అవసరాలు నాకూ తెలుసు. కాటాకెక్కించే ముందు ఒక్కసారి మట్టి తుడిచి, ప్లేటు మీదున్న పేరూ నంబరూ ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ఇంజను నడిపినవాళ్లు ఇంట్లో ఉంటే, పక్కన నిలబెట్టి తీయండి.