ఇక్మిక్ కుక్కరు : అటక దిగిన ఒక పాత పొయ్యి చరిత్ర

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా ఏర్పాటు చేసిన పాత వస్తువుల ప్రదర్శనకు, బరంపురం వాస్తవ్యులైన ఒక పూర్వ విద్యార్థి తమ తాతగారి అటక మీది పాత్ర ఒకటి తెచ్చి ఇచ్చారు. మోకాలెత్తు గుండ్రని ఇత్తడి పీపా; పైన మూత; లోపల ఒకదానిపై ఒకటి అమరే నాలుగు గిన్నెలు; అడుగున మసి పట్టిన చిల్లుల పళ్లెం. చూసినవారిలో కొందరు పెద్ద క్యారియరన్నారు. కొందరు నీళ్లు కాచుకొనే బాయిలరన్నారు. ఒకరు తొలినాటి ప్రెషర్ కుక్కరన్నారు. ఇంటివారు దానిని తూకానికి అమ్మివేయబోతున్న తరుణంలో అది మన చేతికి వచ్చింది.

పేరు తెలియని వస్తువును గురించి దాని నిర్మాణమే సాక్ష్యం చెప్పాలి. కట్టె, బొగ్గు, పొట్టు వంటివాటితో పనిచేసే ఏ పొయ్యినైనా మూడు ప్రశ్నలు అడగవచ్చు. నిప్పు ఎక్కడ నిలుస్తుంది? గాలి ఎటునుంచి వస్తుంది? వేడి పదార్థానికి ఎలా చేరుతుంది?

నీళ్ల బాయిలరుకు నడుమ నిప్పుల గొట్టం, పక్కన కుళాయి ఉంటాయి. ఇందులో ఆ రెండూ లేవు. రంపపు పొట్టు పొయ్యిలో పొట్టును దట్టించి నడుమ రంధ్రం నిలుపుతారు. అందులో గిన్నెల వరుసకు చోటుండదు. ప్రెషర్ కుక్కరు మూత బిగుసుకొని ఆవిరిని లోపల బంధిస్తుంది. ఈ మూతకు బిగింపు గాని, రబ్బరు చుట్టు గాని, బరువు గాని లేదు. చిల్లుల పళ్లెంలో బొగ్గు, దానిపై కొద్దిపాటి నీరు పోసిన పాత్ర, ఆ పాత్రలో గిన్నెల వరుస. ఇదే దీని అమరిక. కనుక ఇది నీటి ఆవిరితో మెల్లగా ఉడికించే బొగ్గుల వంటపాత్ర. మన పెద్దలు కొందరు ఎరిగిన ‘ఇక్మిక్ కుక్కరు’ ఇదే.

దీనిని 1910లో కలకత్తాలో రూపొందించినవారు డాక్టర్ ఇందుమాధవ మల్లిక్ (1869–1917). ఆయన వైద్యులు, న్యాయశాస్త్రం చదివినవారు, రచయిత. ‘హైజీనిక్’, ‘ఎకనామిక్’ అనే రెండు ఆంగ్లపదాల తోకలను కలిపి ఈ పేరు పెట్టారంటారు. ఆరోగ్యం, పొదుపు అని భావం. పూరీ జగన్నాథుని వంటశాలలో మట్టికుండలను ఒకదానిపై ఒకటి పేర్చి ప్రసాదం వండే పద్ధతి ఆయనకు ఈ ఆలోచన కలిగించిందని ప్రతీతి. అదే నిజమైతే, ఉత్కళ సీమలో పుట్టిన ఆలోచన వంగదేశంలో ఇత్తడి రూపు దాల్చి, కలకత్తా–మద్రాసు రైలు దారిలోనే ఉన్న మన ఊరి అటక మీదికి తిరిగి చేరిందన్నమాట.

దీని గొప్పతనం వేగంలో లేదు, తీరికలో ఉంది. బియ్యం, పప్పు, కూరలు వేరువేరు గిన్నెలలో పెట్టి, బొగ్గు రాజేసి, మూతవేసి పనికి వెళ్లవచ్చు. బొగ్గు తనంతట తానే ఆరిపోతుంది. అన్నం మాడదు, తిరిగి వచ్చేసరికి వెచ్చగానే ఉంటుంది. ఇల్లు విడిచి పరాయి ఊళ్లో ఒంటరిగా బ్రతికే గుమాస్తాకు, విద్యార్థికి, ఉపాధ్యాయునికి ఇది ఎంతటి ఆసరాయో ఊహించుకోవచ్చు. అయితే చరిత్ర రెండవ వైపును కూడా చూడాలి. ఒంటరి పురుషునికి ఈ సౌకర్యం అమరిన తరువాత కూడా, పెద్ద సంసారాల వంటిళ్లలో మన తల్లులు ఊదుగొట్టం పట్టి పొగలోనే కళ్లు మండించుకొన్నారు. హైదరాబాదులో డాక్టర్ ఎస్.పి. రాజుగారు పొగగొట్టం అమర్చిన మట్టి పొయ్యిని ప్రచారంలోకి తెచ్చింది 1950లలో గాని కాదు.

1950ల చివరినుంచి మన దేశంలోనే ప్రెషర్ కుక్కర్ల తయారీ సాగడం, కిరసనాయిలు స్టవ్వులు, వంటగ్యాసు వ్యాపించడం వల్ల ఇక్మిక్ అటకెక్కింది. అటక మీదినుంచి పాత సామాన్ల కొట్టుకు ఒక్క అడుగే దూరం.

పాఠకులకు మనవి ఒక్కటే. మీ ఇంట పేరు తెలియని పాత పాత్ర ఏదైనా ఉంటే, త్రాసులో పెట్టే ముందు ఒకసారి దాని అడుగు చూడండి. మసి ఎక్కడ పట్టిందో చూడండి. ఇంటి పెద్దలను అడిగి, వారు చెప్పిన మాట ఒక కాగితంపై వ్రాసి ఆ పాత్రలోనే ఉంచండి. ఇత్తడికి తూకం కట్టేవారు బజారులో ఉన్నారు; జ్ఞాపకానికి తూకం కట్టవలసినవారం మనమే.